కీళ్లకు డాక్టర్ ఉన్నారు, గుండెను చూసేదెవరు?

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం వైపు నుంచి ఒక పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. ఆమెవరో తెలిసే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమె వయసు 47. ఎనిమిదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. మొదట్లో విశాఖలో కీళ్ల డాక్టర్‌కి చూపించుకున్నారు. వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా., కొన్నాళ్ల కోసం ప్రెడ్నిసొలోన్ 10 మి.గ్రా. రాశారు. రెండేళ్లుగా విశాఖ వెళ్లలేదు. రాకపోకలకీ పరీక్షలకీ అయ్యే ఖర్చు ఒక కారణం, ఇంట్లో అత్తగారిని చూసేవాళ్లు లేకపోవడం ఇంకో కారణం. పాత చీటీ చూపించి అవే మందులు ఊళ్లో తెచ్చుకుంటున్నారు. కొన్నాళ్లకని రాసిన ప్రెడ్నిసొలోన్ కూడా అలాగే సాగుతోంది. అయినా నొప్పి తగ్గక, షాపతను ఇచ్చిన ఎటోరికాక్సిబ్ 90 మి.గ్రా. బిళ్ల దాదాపు రోజూ వేసుకుంటున్నారు. పొద్దునా సాయంత్రమూ గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునే అలవాటు పెళ్లి ముందు నుంచీ ఉంది.

మూడు నెలలుగా నీళ్ల బిందెతో మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఎడమ జబ్బ లాగుతోంది. కూర్చుంటే ఐదు నిమిషాల్లో సర్దుకుంటోంది. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో ఈసీజీ తీసి, ‘బాగుంది, చిన్న వయసే, గ్యాస్ అయ్యుంటుంది’ అని పాంటాప్రజోల్ రాశారు. అక్కడి లెక్కలు: బీపీ 150/94, పరగడుపు షుగర్ 118, మొత్తం కొలెస్ట్రాల్ 182, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 114, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్ 62. కొలెస్ట్రాల్ 200 లోపే ఉంది కాబట్టి భయం లేదన్నారు. కానీ ఆమె సొంత తమ్ముడికి 44 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. ‘ఇన్ని మందులు మింగితే గుండె ఏమవుద్ది, అన్నీ ఆపెయ్’ అంటున్నారు భర్త. ‘కీళ్లవాతం గుండెకి పాకుద్ది, పెన్సిలిన్ సూదులు వేయించుకో’ అంటోంది పక్కింటావిడ. కీళ్లవాతానికి కొత్తగా టోఫాసిటినిబ్ అనే మాత్ర వచ్చింది, అది మొదలుపెట్టమని చుట్టాలబ్బాయి సలహా. గుండెకు ముప్పు వాతం వల్లా, మందుల వల్లా? ఏది ఆపాలి? బరంపురం వెళ్లాలా, విశాఖ వెళ్లాలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీరు అడగని ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ జబ్బ లాగడం గురించి ఈ వారంలోనే డాక్టర్‌ని కలవాలి. భుజం కీలు నొప్పి అయితే చెయ్యి కదిపినప్పుడు వస్తుంది: జడ వేసుకునేటప్పుడు, అటక మీద డబ్బా అందుకునేటప్పుడు, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకున్నప్పుడు. మీది అలా లేదు. ఒంటికి శ్రమ కలిగితే ఆయాసంతో కలిసి వస్తోంది, శ్రమ ఆగితే ఐదు నిమిషాల్లో పోతోంది. గుండె కండరానికి రక్తం చాలనప్పుడు ఇలాగే ఉంటుంది. ఉత్త చేతులతో గబగబా నడిచినప్పుడు కూడా ఎప్పుడైనా వచ్చిందా, గుర్తు చేసుకోండి. వచ్చి ఉంటే కీలు మీద అనుమానం ఇంకా తగ్గుతుంది. అది తేల్చుకోవడానికని మళ్లీ మెట్లెక్కి చూడొద్దు. డాక్టర్ చూసేదాకా బిందెలు మోసే పని ఇంకెవరికైనా అప్పగించండి.

ఈసీజీ బాగుంది కదా అంటారేమో. నొప్పి లేని సమయంలో, పడుకోబెట్టి తీసిన ఈసీజీ ఆ నిమిషంలో గుండె ఎలా ఉందో చెబుతుంది. మెట్లెక్కితే ఏమవుతుందో చెప్పదు. రక్తనాళం బాగా సన్నబడ్డవాళ్లలో కూడా విశ్రాంతి ఈసీజీ మామూలుగా రావచ్చు. పైగా ఆడవాళ్లలో, రుమటాయిడ్ ఉన్నవాళ్లలో గుండెనొప్పి ఛాతీ మధ్యలోనే రావాలని లేదు. ఆయాసం, విపరీతమైన నీరసం, దవడ నొప్పి, వీపు నొప్పి, వికారం రూపంలో రావచ్చు. ఒళ్లంతా నొప్పులుండే మనిషి ఇంకొక నొప్పిని లెక్కలోకి తీసుకోదు. మీరూ మూడు నెలలు ఊరుకున్నారు.

అయితే ఆయాసానికి గుండె ఒక్కటే కారణమని ఇక్కడి నుంచి నేను తేల్చలేను. రక్తం తక్కువైనా ఆయాసం వస్తుంది. రుమటాయిడ్ ఊపిరితిత్తులను గట్టిపరచవచ్చు. మెథోట్రెక్సేట్ వల్ల అరుదుగా ఊపిరితిత్తులు వాచి పొడిదగ్గు, ఆయాసం మొదలవుతాయి. గుండె చుట్టూ ఉండే పొరలో నీరు చేరవచ్చు. అందుకే మొదటి విడతలో హిమోగ్లోబిన్‌తో సహా రక్తకణాల లెక్క, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ సంగతి చెప్పే ఎస్‌జీపీటీ, ఛాతీ ఎక్స్‌రే, వేలికి పెట్టే ఆక్సిజన్ కొలత, మళ్లీ ఒక ఈసీజీ కావాలి. ఇవి మీ దగ్గర్లోని సబ్‌డివిజన్ ఆస్పత్రిలోనో జిల్లా ఆస్పత్రిలోనో మొదలుపెట్టవచ్చు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు రెండు మూడు నెలలకోసారి జరగాలి. రెండేళ్లుగా అవి జరిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక వాతమా, మందులా అన్న ప్రశ్న. రెండూ, కానీ సమానంగా కాదు. రుమటాయిడ్‌లో మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. ఆ దాడిలో పుట్టే రసాయనాలు కీళ్ల దగ్గరే ఆగవు, రక్తంలో తిరుగుతాయి. రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ చేరే కొవ్వు పూత త్వరగా పెరుగుతుంది, త్వరగా పగులుతుంది. పగిలినచోట రక్తం గడ్డకడితే గుండెపోటు. అందుకే యూరప్ రుమటాలజీ సంఘం మామూలు లెక్కల్లో వచ్చిన గుండె ముప్పును రుమటాయిడ్ ఉన్నవాళ్లకు ఒకటిన్నర రెట్లు చేసి చూడమంటుంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో వయసు, పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఉంటాయి. రుమటాయిడ్‌కు గడి లేదు, తమ్ముడి గుండెపోటుకూ లేదు. ఆ పట్టికతో చూస్తే మీకు ముప్పు తక్కువనే వస్తుంది. ‘చిన్న వయసే’ అన్న మాట అలాంటి లెక్కలోంచే వస్తుంది. కానీ మగ తోబుట్టువుకు 55 లోపు గుండెపోటు రావడం విడిగా లెక్కించాల్సిన విషయం. డాక్టర్‌తో మొదటి మాటగా అదే చెప్పండి.

మీ 182 కొలెస్ట్రాల్ చూసి కూడా నిశ్చింత పడకూడదు. వాపు రగులుతున్నప్పుడు రక్తంలో కొలెస్ట్రాల్ అంకె తగ్గి కనిపిస్తుంది, ముప్పు మాత్రం పెరుగుతుంది. ఈఎస్‌ఆర్ 62 అంటే మీ జబ్బు అదుపులో లేదనడానికి గుర్తు. మంచి వైద్యం జరిగి వాపు తగ్గాక ఎల్‌డీఎల్ పెరగవచ్చు. ‘కొత్త మందు కొలెస్ట్రాల్ పెంచింది’ అని అప్పుడు కంగారు పడకండి, అసలు అంకె బయటపడిందంతే. కీళ్లు సద్దుమణిగాక రెండో పరీక్ష చేయించాలి. హెచ్‌డీఎల్ 36 మాత్రం ఇప్పటికే తక్కువ, ఆడవాళ్లకు 50 పైన ఉండాలి. పరగడుపు షుగర్ 118 డయాబెటిస్ కాదు, దాని గుమ్మం. ప్రెడ్నిసొలోన్ పొద్దున వేసుకుంటే షుగర్ ఎక్కువగా మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతుంది. అందుకని భోజనమైన రెండు గంటలకు కూడా చూపించుకోండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తహీనత ఉన్నా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాల ఆకారం మారే వంశపారంపర్య జబ్బు) లక్షణం ఉన్నా తప్పుదారి పట్టించవచ్చు. మీ ప్రాంతంలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు, ఆ మాట ల్యాబులో చెప్పాలి.

మీ భర్త మాటలో సగం నిజముంది. మీ బిళ్లల్లో అనుమానించాల్సినవి రెండున్నాయి, కానీ ఆయన ఆపెయ్యమంటున్నవాటిలో ఆపకూడనివీ ఉన్నాయి.

మొదటిది ఎటోరికాక్సిబ్. నొప్పిని ఆపుతుంది, జబ్బును ఆపదు. ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెట్టి బీపీ పెంచుతుంది, కిడ్నీలకు రక్తం తగ్గిస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన రోఫెకాక్సిబ్ అనే మందు గుండెపోట్లు పెంచుతోందని తేలి 2004లో ప్రపంచమంతా మార్కెట్లోంచి వెనక్కి పోయింది. బీపీ 140/90 దాటి అదుపులో లేనివాళ్లకు ఎటోరికాక్సిబ్ ఇవ్వకూడదని దాని వాడకపు నిబంధనల్లోనే ఉంది. మీ బీపీ 150/94. మీరు వెంటనే ఆపగలిగేది, ఆపితే ప్రమాదం లేనిది ఇదొక్కటే. ఆపితే మొదటి వారం నొప్పి పెరుగుతుంది, దానికి సిద్ధపడాలి. బదులుగా పారాసెటమాల్ 500 మి.గ్రా. రోజుకు మూడు నాలుగు సార్లు వాడవచ్చు, లివర్ పరీక్ష బాగుంటే. షాపులో ‘పారాసెటమాల్ ఇవ్వండి’ అంటే చాలాసార్లు ఏసిక్లోఫెనాక్ కలిసిన బిళ్ల చేతిలో పెడతారు. అట్ట మీద ఏసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ అని ఉంటే తిరిగిచ్చెయ్యండి, గుండె విషయంలో అవీ అదే దారి. ఒకటి రెండు కీళ్ల నొప్పికి పైపూత జెల్ రాస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. సంతలో అమ్మే పేరులేని ‘వాతం పొడి’ జోలికి మాత్రం వెళ్లొద్దు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి.

రెండోది ప్రెడ్నిసొలోన్, ఇది స్టెరాయిడ్. దీన్ని ఈ రోజు ఆపెయ్యాలని మాత్రం అనుకోకండి. రోజుకు 10 మి.గ్రా. చొప్పున ఏళ్ల తరబడి వాడితే బీపీ, షుగర్, కొవ్వు పెరుగుతాయి, గుండె ముప్పు పెరుగుతుంది. ఇది నిజమే. కానీ ఇన్నాళ్లూ బయటి నుంచి స్టెరాయిడ్ అందడంతో కిడ్నీల మీద ఉండే మీ అడ్రినల్ గ్రంథులు సొంతంగా దాన్ని తయారుచేయడం మానేసి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. తగ్గించే పద్ధతి సాధారణంగా ఇలా ఉంటుంది: 10 నుంచి 7.5కి, కొన్ని వారాలకు 5కి, అక్కడి నుంచి ఇంకా నిదానంగా, నెలకొక చిన్న మెట్టు. ఒక మెట్టు దిగాక కీళ్లు మళ్లీ వాచితే పైమెట్టుకు వెళ్లాల్సి రావచ్చు. జబ్బును పట్టి ఉంచే అసలు మందు బలంగా లేకుండా స్టెరాయిడ్ తగ్గిస్తే ఇదే జరుగుతుంది. అందుకే ఈ పని కీళ్ల డాక్టర్ చేతిలోనే జరగాలి. వాంతులై బిళ్ల కడుపులో నిలవకపోతే ఆస్పత్రికి వెళ్లి ‘నేను రోజూ స్టెరాయిడ్ వాడతాను’ అని చెప్పాలి, సూదిగా ఇస్తారు.

మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ వేరే సంగతి. ఇవి గుండెకు శత్రువులు కావు. మెథోట్రెక్సేట్ వాడే రుమటాయిడ్ రోగుల్లో గుండెపోట్లు తక్కువగా ఉన్నట్టు పరిశీలనల్లో కనిపించింది. రుమటాయిడ్ లేని గుండె రోగులకు ఇదే మందు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితం 2018లో వచ్చింది, వాళ్లకు లాభమేమీ కనబడలేదు. అంటే ఇది గుండె మందు కాదు. మీ జబ్బును అణచడం ద్వారానే మీ గుండెకు మేలు చేయగలదు. 15 మి.గ్రా.తో అణగలేదు కాబట్టి డాక్టర్ 20, 25 మి.గ్రా. దాకా పెంచవచ్చు, చర్మం కింద సూదిగా మార్చవచ్చు, సల్ఫాసలజిన్ లేదా లెఫ్లునమైడ్ జోడించవచ్చు. లెఫ్లునమైడ్ బీపీ పెంచగలదు, మీ అంకె ముందే చెప్పండి. ఆయాసం కారణం తేలేదాకా మోతాదు పెంచరు. పొడిదగ్గు, జ్వరం కూడా తోడైతే మాత్రం వచ్చే వారం బిళ్ల వేసుకోకుండా ముందు డాక్టర్‌తో మాట్లాడండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలై ఐదేళ్లు దాటింది కాబట్టి ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష కావాలి. జ్వరానికో మూత్రంలో మంటకో ఎవరైనా సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ రాయబోతే మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పి ఆపించండి, ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

పెన్సిలిన్ సూదులు మీకు అక్కర్లేదు. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుంది, ఆ సూదులు దానికి. మీది వేరే జబ్బు.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో గుండె విభాగం ఉంది, ప్రభుత్వ ఆస్పత్రి కాబట్టి ఖర్చు తక్కువ, కానీ రద్దీ. మందులు ఒడిశా ప్రభుత్వ నిరామయ కౌంటర్లో ఉచితంగా దొరకవచ్చు. మీ కీళ్ల చరిత్ర మాత్రం అక్కడివాళ్లకు మొదటి నుంచి చెప్పుకోవాలి. విశాఖ అయితే గుణుపురం నుంచే రైలుంది, మీ పాత కీళ్ల డాక్టర్ అక్కడే ఉన్నారు, ఒకే ప్రయాణంలో గుండె డాక్టర్‌నీ చూడొచ్చు, కానీ ప్రైవేటులో ప్రతి పరీక్షకూ చేతి డబ్బే. ఆంధ్ర ప్రభుత్వ వైద్యసేవ కార్డు ఒడిశా రేషన్ కార్డువాళ్లకు వర్తించదు. ఆయుష్మాన్ కార్డుంటే ఆస్పత్రిలో చేరితేనే అక్కరకొస్తుంది, బయటి ఓపీ పరీక్షలకు కాదు. మీ పరిస్థితిలో గుండె సంగతి ముందు తేలాలి కాబట్టి త్వరగా ఎక్కడ చూస్తారో అక్కడికే మొదట వెళ్లండి, కీళ్ల డాక్టర్ కోసం నెల ఆగినా పర్లేదు. నెల దాటి మాత్రం పోనివ్వకండి.

అక్కడ ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించే పరీక్ష రాస్తే, మోకాళ్లు, పాదాలు వాచి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. గుండె వేగం చాలినంత పెరగకముందే కీళ్ల నొప్పితో దిగిపోతే ఆ పరీక్ష దేనికీ పనికిరాదు, డబ్బు దండగ. మందుతో గుండె వేగం పెంచి ఎకో (గుండె స్కాన్) తీసే పద్ధతి ఉంది, గుండె రక్తనాళాలను చూపే సీటీ యాంజియో ఉంది. సీటీకి రంగు మందు ఎక్కిస్తారు, దానికి ముందు క్రియాటినిన్ చూసుకోవాలి. తొడలోంచో మణికట్టులోంచో గొట్టం వేసే యాంజియోగ్రామ్ మొదటి మెట్టు కాకపోవచ్చు. అయితే నొప్పి తరచూ వస్తున్నా, తక్కువ శ్రమకే వస్తున్నా నేరుగా అదే చేయడం సబబు. ఎకో మాత్రం ఎలాగూ కావాలి. రేపు కీళ్లకు, వాపు పుట్టించే రసాయనాన్ని అడ్డుకునే టీఎన్‌ఎఫ్ సూదులు ఇవ్వాలనుకుంటే, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అవి పనికిరావు.

డాక్టర్ బీపీ బిళ్ల, కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ రాసే అవకాశం ఎక్కువ. ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ల చీలమండల్లో వాపు తేవచ్చు, దాన్ని వాతం వాపనుకుని స్టెరాయిడ్ పెంచుకునేవాళ్లున్నారు. ఉదయం కంటే సాయంత్రానికి ఎక్కువై, వేలితో నొక్కితే గుంట పడేది బిళ్ల వాపు కావచ్చు. ఉదయాన్నే గంటకు పైగా కీలు బిగుసుకుని, వేడిగా ఉండేది వాతం. స్టాటిన్‌తో తొడల్లో, భుజాల్లో కండరాల నొప్పి కొందరికి వస్తుంది. కీలు వాపు లేకుండా కండరమే నొస్తుంటే మానెయ్యకుండా డాక్టర్‌కి చెప్పండి, మోతాదు మార్చవచ్చు. ఆస్పిరిన్ మీ అంతట మీరు రోజూ మొదలుపెట్టకండి. రక్తనాళ జబ్బు తేలితే వాళ్లే రాస్తారు. స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు.

ఇంట్లో బీపీ చూసుకోవాలంటే జబ్బకు పట్టీ చుట్టే మిషన్ మంచిది. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, అరగంట ముందు నుంచీ టీ, గుడాకు లేకుండా, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఉదయం, సాయంత్రం ఏడు రోజులు రాసి, మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువే. ఎటోరికాక్సిబ్ ఆపిన వారం తర్వాత మళ్లీ ఇలాగే రాస్తే, ఆ బిళ్ల వాటా ఎంతో మీ కళ్లకే కనిపిస్తుంది.

గుడాకు పొగ కాదు కదా అనుకుంటాం. నికోటిన్ చిగుళ్లలోంచి నేరుగా రక్తంలోకి పోయి గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. చిగుళ్ల జబ్బుకూ రుమటాయిడ్‌కూ సంబంధం ఉందని కూడా తెలుసు. మానినప్పుడు మొదటి రెండు వారాలు తలనొప్పి, చిరాకు, మలబద్ధకం ఉంటాయి. సాయంత్రపు వంతు ముందు మానేసి, పది రోజులకు పొద్దుటిదీ మానడం కొందరికి కుదురుతుంది. ఒకేసారి మానడం కొందరికి తేలిక. ఉచిత సాయానికి పొగాకు మానిపించే జాతీయ హెల్ప్‌లైన్ 1800 112 356 ఉంది.

తిండి గురించి రెండు మాటలే. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. పఖాళలో (నీళ్లు పోసిన చద్దన్నంలో) కలిపే ఉప్పు, నంజుకునే ఎండుచేప, ఊరగాయ అన్నీ ఆ చెంచాలోంచే పోవాలి. ఎండుచేప బదులు పచ్చి కవళ్లు, కానాగంతలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి. నడక, వ్యాయామం గుండె సంగతి తేలాకే.

కూర్చున్నా తగ్గకుండా పావుగంట దాటి నొప్పి నిలిచినా, చెమటలు పట్టినా, విశ్రాంతిలోనే ఆయాసం వచ్చినా అది గ్యాస్ అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో రక్తస్రావం అయినవాళ్లు కాకపోతే 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలి మింగాలి. కారు మాట్లాడుకుని విశాఖ బయల్దేరడం కాదు, ముందు దగ్గర్లో ఈసీజీ తీసి గడ్డ కరిగించే సూది ఇవ్వగల ప్రభుత్వాస్పత్రికి వెళ్లాలి. ఆ సూది ఎంత త్వరగా పడితే అంత గుండె కండరం మిగులుతుంది. ఈ సంగతి మీ భర్తకు, పిల్లలకు ఇవాళే చెప్పి ఉంచండి.

చివరిగా టోఫాసిటినిబ్. పని చేసే మందే, మన దేశంలో చౌకగానూ దొరుకుతోంది. కానీ 50 దాటి, గుండె ముప్పు కారణం కనీసం ఒకటి ఉన్న రుమటాయిడ్ రోగుల్లో దీన్ని టీఎన్‌ఎఫ్ సూదులతో పోల్చి చూసిన పరీక్ష 2022లో అచ్చయింది. గుండెపోటు, పక్షవాతం వంటివీ, క్యాన్సర్లూ ఈ మాత్రతోనే ఎక్కువ కనిపించాయి. అమెరికా ఔషధ సంస్థ 2021లోనే దాని మీద గట్టి హెచ్చరిక వేయించింది. మీకు 47 అయినా బీపీ, గుడాకు, తమ్ముడి చరిత్ర ఉన్నాయి. మీ విషయంలో దాన్ని మిగతా దారులు మూసుకుపోయాకే, గుండె పరీక్షలు చేతిలో పెట్టుకుని, కీళ్ల డాక్టర్ ఆలోచించాలి. దానికి ముందు టీబీ పరీక్ష కూడా తప్పదు. షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ల కాదది.